కలకత్తాలోని చైనావారి పేటలు

మన మండల కేంద్రాలలో సాయంకాలము ఆరు గంటలైతే బస్టాండు ప్రక్కన ఒక బండి వెలుగుతుంది. పెద్ద మూకుడు, దాని క్రింద భగ్గుమనే గ్యాసు పొయ్యి, ఒక ఎర్ర సాసు సీసా, ఒక పచ్చ సాసు సీసా. బండి అద్దము మీద ‘నూడిల్స్, మంచూరియా’ అని వ్రాసి ఉంటుంది. యవనస్థుల కూటము ముగిసిన తరువాత మన పిల్లలు తిన్నగా ఇంటికి రాక ఎక్కడ ఆగుతారో తల్లిదండ్రులందరికీ తెలుసు. కొన్ని బండ్ల మీద ‘హక్కా నూడిల్స్’ అని కూడా కనిపిస్తుంది. హక్కా అంటే ఏదో మసాలా దినుసు అని చాలామంది అనుకుంటారు. అది ఒక జనము పేరు. దక్షిణ చైనా కొండ ప్రాంతాలలో బ్రతికిన ఆ జనానికి ఆ పేరు చుట్టుప్రక్కలవారు పెట్టినది. దాని అర్థము ‘అతిథి కుటుంబాలు’. ఎప్పుడో ఉత్తరాది నుండి వలస వచ్చినందుకు, వందల ఏండ్లు గడిచినా, స్వదేశములోనే వారిని అతిథులని పిలిచారు.

మంచూరియా సంగతి ఇంకా విచిత్రము. చైనా ఈశాన్యాన మంచూరియా అనే ప్రాంతము ఉన్న మాట నిజమే గాని, అక్కడివారికి ఈ వంటకము తెలియదు. 1975లో బొంబాయిలో నెల్సన్ వాంగ్ అనే వంటవాడు అల్లము, వెల్లుల్లి, పచ్చిమిర్చి మన పద్ధతిలోనే వేయించి, గరం మసాలాకు బదులు సోయా సాసు పోసి కోడిమాంసముతో దీనిని మొదట వండాడని చెప్తారు. ఆయన పుట్టింది చైనాలో కాదు, కలకత్తాలో. కాలీఫ్లవరు మంచూరియా తరువాత వచ్చినది.

ఈ బండి వెనుక ఉన్న మనుష్యులెవరో చూడాలని మాకు చాలా రోజులుగా ఉండేది. గత చలికాలములో ఖరగ్‌పూరు తెలుగు సంఘము వారి కూటములకు మేము ముగ్గురము వెళ్ళాము. రైల్వే ఉద్యోగాల మూలముగా ఖరగ్‌పూరులో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. శుక్రవారము రాత్రితో కూటములు ముగిశాయి. తిరుగు రైలుకు రెండు రోజుల వ్యవధి ఉన్నది గనుక హౌరా లోకలు బండి ఎక్కి కలకత్తా చేరాము. పట్టణము పేరు 2001లో కోల్‌కతాగా మారినది. అయినా మన పెద్దల నోట అది కలకత్తాయే గనుక మేమూ అలాగే వ్రాస్తాము.

శనివారము ఇంకా మంచు విడవక ముందే టిరెట్టా బజారుకు వెళ్ళాము. లాల్ బజారు పోలీసు కార్యాలయానికి నడక దూరములోనే ఉంటుంది. రెండు వందల ఏండ్ల క్రిందట ఇక్కడ సంత నడిపిన టిరెట్టా అనే ఇటలీ దేశస్థుని పేరే దానికి నిలిచిపోయింది. చైనావారి పేట, ఇటలీవాని పేరు, బెంగాలీ పట్టణము! ప్రక్క వీధికి చైనా నాయకుడు సన్ యెట్ సేన్ పేరు ఉన్నది. ఆ వీధిలో తెల్లవారుజామున చైనావారి ఫలహారాలు అమ్ముతారు. ఆవిరి మీద ఉడికిన మెత్తని రొట్టెలు (మాంసము లోపల పెట్టి ముడిచినవి), చేప ఉండలు వేసిన పులుసు, ఎండబెట్టిన మాంసపు సాసేజీలు. ఎనిమిదిన్నర దాటితే గిన్నెలు ఖాళీ. అమ్మేవారిలో చైనా ముఖాలు కొన్నే కనిపించాయి. కొనేవారిలో ఎక్కువమంది బెంగాలీలు, ఇంకా ఫోటోలు తీసుకొనే కాలేజీ పిల్లలు. పులుసు మాత్రము చాలా రుచిగా ఉన్నది. మాతో వచ్చిన సంఘపెద్ద రెండు గిన్నెలు త్రాగి, ఊరగాయ ఉంటే బాగుండునన్నారు.

ఆ సందులలో ఒక సంగతి మమ్మును ఆపివేసింది. ఒక పాత మేడ మీద ‘సీ ఇప్ చర్చి’ అని వ్రాసి ఉన్నది. మరొక వీధిలో ‘తూంగ్ ఆన్ చర్చి’. లోపలికి తొంగిచూస్తే సిలువ లేదు, బల్లలు లేవు. ఎర్ర స్తంభాలు, అగరువత్తులు, బంగారు పూత పూసిన చెక్కడపు పని కనిపించాయి. అవి చైనావారి దేవాలయాలు, వారి జిల్లాల సంఘ భవనాలు. ఆంగ్లేయుల కాలములో వీటిని చర్చి అని వ్రాయడము అలవాటయింది, అది అలాగే ఉండిపోయింది. ఒకే జిల్లా నుండి వచ్చినవారు ఒక భవనము కట్టుకొని, క్రొత్తగా ఓడ దిగినవానికి పని చూపేవరకు అక్కడ చోటిచ్చేవారు, చనిపోయినవానికి సమాధి ఖర్చు పెట్టేవారు.

మొదటిగా ఇక్కడికి వచ్చిన చైనావాని పేరు తాంగ్ అచ్యూ. 1780 ప్రాంతములో వారన్ హేస్టింగ్సు వద్ద హుగ్లీ నది ఒడ్డున భూమి పొంది, చెరకు వేసి, చక్కెర మిల్లు పెట్టాడు. బడ్జ్ బడ్జ్ దాటిన తరువాత ఆ ఊరికి ఆయన పేరు మీద అచీపూర్ అనే పేరు నిలిచింది. సూర్యోదయము నుండి అస్తమయము వరకు గుఱ్ఱము మీద ఎంత దూరము తిరిగితే అంత భూమి ఇస్తానన్నారని ఒక కథ చెప్తారు. ఇటువంటి కథ మన జమీందారీలలో కూడా చాలా ఉన్నాయి గనుక దానిని కథగానే తీసుకోవాలి. మిల్లు ఎక్కువ కాలము నిలువలేదు, ఆయన కూడా కొద్ది ఏండ్లకే చనిపోయాడు. నది ఒడ్డున గుఱ్ఱపు లాడము ఆకారములో ఎర్రని సమాధి ఉన్నది. ప్రతి సంవత్సరము చైనా నూతన సంవత్సరపు రోజులలో కలకత్తా చైనావారు బస్సులు మాట్లాడుకొని అక్కడికి వెళ్తారు. హిందీలోను, బెంగాలీలోను పంచదారను ‘చీనీ’ అంటారు, అంటే చైనాది అని. మన అనంతపురము, కడప జిల్లాలవారు బత్తాయిని చీనీకాయ అంటారు. మనము ఎరుగకుండానే మన నోటిలో ఉన్న మాట అది.

తరువాత వచ్చినవారు ఊరు ఊరుకు ఒక వృత్తి పట్టుకొన్నారు. కాంటన్ ప్రాంతమువారు వడ్రంగులు, రేవులో ఓడల లోపలి చెక్కపని వారిదే. హుబేయి ప్రాంతమువారు దంతవైద్యులు. షాండాంగ్ వారు పట్టుబట్టల మూటలు సైకిళ్ళ మీద వేసుకొని ఊరూరు తిరిగారు. హక్కాలు మొదట చెప్పులు, బూట్లు కుట్టారు, తరువాత తోలు పదును చేసే పని చేపట్టారు. ఆ తోలు పేటే టాంగ్రా.

ఇక్కడ కొంచెము నిలిచి చెప్పవలసి ఉన్నది.

మన సంఘాలలోని పెద్దవారికి లంద అంటే ఏమిటో వివరించనవసరము లేదు. పచ్చితోలుకు సున్నము పట్టించి, వెండ్రుకలు గీకి, తంగేడు చెక్క నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టే గుంత. ఆ వాసన ఒంటికి పట్టితే స్నానముతో పోదు. మన తాతలనేకులు ఆ గుంతలో చేతులు పెట్టి ఊరికి చెప్పులు, కపిల బానలు ఇచ్చారు, అయినా ఊరి బయటనే ఉండవలసి వచ్చింది. కలకత్తాలోను అంతే. తోలు కావాలి, తోలు పని చేసేవాడు మాత్రము అంటరాదు. సైన్యానికి బూట్లు కావలసిన మొదటి ప్రపంచ యుద్ధ కాలములో గిరాకీ పెరిగింది. అప్పుడు మెయ్‌షియన్ అనే జిల్లా నుండి వచ్చిన హక్కాలు పట్టణపు తూర్పు అంచున, మురుగు కాలువల ప్రక్క బురద నేలలో తోలు కార్ఖానాలు పెట్టారు. వారికి మన కులపు లెక్కలు లేవు. ఎవరూ ముట్టని పని గనుక ఎవరూ పోటీకి రాలేదు. ఎవరికీ అక్కరలేని నేల గనుక ఎవరూ ఖాళీ చేయమనలేదు. ఈ సంగతిని టాంగ్రాలో కొంతకాలము నివసించి వారిని గూర్చి 1993లో పుస్తకము వ్రాసిన ఎలెన్ ఆక్స్‌ఫెల్డ్ అనే అమెరికా పరిశోధకురాలు బాగా వివరించారు.

అంతమాత్రాన వారిని పరిశుద్ధులుగా చూపడము మా ఉద్దేశము కాదు. యజమానులు చైనావారు. గుంతలో దిగి మోకాటి లోతు నీళ్ళలో బరువు తోళ్ళు త్రిప్పినవారు బీహారు నుండి వచ్చిన చమారులు. యజమాని కుటుంబము కార్ఖానా మేడ మీద, కూలీలు క్రింద. ఒకే కప్పు క్రింద రెండు తరాలు పని చేసినా వారి మధ్య వివాహము మాట అటుంచి, ఒకే బల్ల మీద భోజనము కూడా అరుదేనట. అంటరానితనము నుండి లాభము పొందినవాడు దానిని పోగొట్టేవాడు కానవసరము లేదు. అది ఎవరికైనా వర్తిస్తుంది.

ఇప్పుడు టాంగ్రా వెళ్తే తోలు వాసన దాదాపుగా లేదు. ఎత్తైన గోడలు, ఇనుప గేట్లు, గేటు మీద ఎర్ర కాగితము, చైనా అక్షరాలు. పాత కార్ఖానాలనేకము హోటళ్ళయ్యాయి. సాసు తయారుచేసేవారు ఉన్నారు. ఒక మూల చైనావారే కట్టించిన కాళీ గుడి ఉన్నది, అక్కడ నూడిల్స్ ప్రసాదముగా పెడతారు. 2019 లోక్‌సభ ఎన్నికలప్పుడు ఒక పార్టీవారు ఈ గోడల మీద చైనా అక్షరాలతో ఓట్లు అడిగారు. ఓటు హక్కు ఉన్న పౌరులని అందరికీ తెలిసేలా ఆ గోడ చెప్పింది. అయితే ఆ గుర్తింపు అంత సులువుగా రాలేదు.

ఆదివారము ఉదయము ఒక చిన్న చైనా సంఘములో ఆరాధనకు వెళ్ళాము. కలకత్తాలో చైనా క్రైస్తవులు రెండు శాఖలలోను ఉన్నారు. 1942లో షాంఘైలో మొదలైన లింగ్ లియాంగ్ సంఘము వారికి ఇక్కడ మందిరము, పాఠశాల కూడా ఉన్నాయి. మేము వెళ్ళినది వేరొకటి, పేరు అవసరము లేదు. ముప్పైమందికి మించి లేరు, అందులో సగము నెరసిన తలలే. పాటల రాగాలు మనకు తెలిసినవే, మాటలు తెలియవు. ఆరాధన ముగిశాక డెబ్బయి దాటిన ఒక తల్లి మా దగ్గరకు వచ్చి, “ఎక్కడ నుండి వచ్చారు బాబూ?” అని హిందీలో అడిగారు. ఆంధ్ర అని చెప్పగానే, “అయితే కారము తింటారు, మా ఇంటికి రండి” అని టాంగ్రాలోని తమ ఇంటికి తీసుకొని వెళ్ళారు. ఆమె 1951లో ఇక్కడే పుట్టినవారు. చైనా ఎన్నడూ చూడలేదు. వారి తండ్రికి చిన్న తోలు కార్ఖానా ఉండేది.

భోజనము దగ్గర ఆమె 1962 మాట ఎత్తారు. మేము అడగలేదు.

పాఠకులలో పెద్దవారికి ఆ సంవత్సరము జ్ఞాపకమే. అక్టోబరు 20న చైనాతో యుద్ధము మొదలైనది, నవంబరు 21న ఆగినది. నెల రోజుల యుద్ధము. మన ఊళ్ళలో బంగారము, గాజులు రక్షణ నిధికి ఇచ్చిన స్త్రీలున్నారు. ఆ కోపము సరిహద్దు అవతలి సైన్యము మీద ఉండవలసినది, ఇవతల బూట్లు కుట్టుకొనేవాని మీద పడింది. తాను గాని, తల్లిదండ్రులలో గాని, తాతమ్మలలో గాని ఒక్కరు శత్రుదేశ పౌరులై ఉంటే చాలు, అటువంటివానిని విదేశీయునిగా చూడవచ్చునని చట్టము చేశారు. అప్పటి చట్టము ప్రకారము 1950 జనవరి 26 తరువాత ఈ దేశములో పుట్టినవారు పుట్టుకతోనే పౌరులు. అయినా ఆ పిల్లలు కూడా ఆ లెక్కలోకి వచ్చారు.

అస్సాములోని మాకూమ్, తిన్‌సుకియా, ఇంకా షిల్లాంగు, డార్జిలింగు, కాలింపాంగు ఊళ్ళలో తలుపులు తట్టి, ఒక మూట తెచ్చుకొండి అని చెప్పి తీసుకొనిపోయారు. మాకూమ్ చైనావారి పూర్వికులలో 1830 ప్రాంతములో తేయాకు తోటలకు ఆంగ్లేయులు తెచ్చిన కూలీలున్నారు. స్థానిక స్త్రీలను పెండ్లాడి, అస్సామీ మాటలాడే మనుష్యులయ్యారు. భార్య అస్సామీ, భర్త చైనావాడు అయిన చోట కుటుంబాలు రెండుగా విడిపోయాయి. అక్కడ నుండి రాజస్థాను ఎడారి దారిలోని దేవ్లీ శిబిరానికి రైలు ప్రయాణము సుమారు వారము రోజులు. దారిలో స్టేషన్లలో రాళ్ళు వేశారని బ్రతికి వచ్చినవారు చెప్పారు. సుమారు మూడు వేలమందిని ఆ శిబిరములో ఉంచారు. విచారణ లేదు, నేరము ఫలానా అని చెప్పలేదు. 1963లో చైనా పంపిన ఓడలలో రెండు వేలకు పైగా మనుష్యులు వెళ్ళిపోయారు. వెళ్ళినవారిలో అనేకులు ఆ దేశమును ఎన్నడూ చూడనివారే. చివరివారు దేవ్లీ నుండి విడుదలయ్యేసరికి 1967 అయింది. తిరిగి వస్తే ఇండ్లు, దుకాణాలు వేలము అయిపోయి ఉన్నాయి. జాయ్ మా అనే ఆమె ఆ శిబిరములోనే పుట్టారు. దిలీప్ డిసూజాతో కలిసి 2020లో ‘ది దేవ్లీవాలాస్’ అనే పేరుతో ఆ సంగతులు పుస్తకముగా తెచ్చారు.

కలకత్తాలో అంత పెద్ద ఎత్తున పట్టుకొనలేదు. కాని పోలీసుల వద్ద పేరు నమోదు, ఊరు దాటాలంటే అనుమతి, ఉద్యోగాల నుండి తొలగింపు, చైనా బ్యాంకు మూత. “మా నాన్న తలుపు ప్రక్కన ఒక సంచి సిద్ధముగా పెట్టుకొన్నారు,” అన్నారు ఆ తల్లి. “రెండు చొక్కాలు, ఒక దుప్పటి, పళ్ళపొడి. రాత్రి ఎవరైనా తలుపు తట్టితే మా అమ్మ దీపము ఆర్పేది. వారు మా నాన్నను తీసుకొనిపోలేదు. అయినా ఆ సంచి ఆయన చనిపోయే వరకు అక్కడే ఉన్నది. మేము పెద్దవారమై, తీసివేద్దాము నాన్నా అంటే, ఉండనీ అనేవారు.”

ఏ దేశము తరపున పట్టుకొన్నారో ఆ దేశము కూడా వీరిని తనవారని అనుకొన్నదా అంటే అదీ సందేహమే. అంతకుముందు వచ్చినవారికి చైనా పాత ప్రభుత్వపు పాస్‌పోర్టులు ఉండేవి. 1949లో ఆ ప్రభుత్వము తైవాను దీవికి పారిపోయింది. భారతదేశము అదే సంవత్సరము డిసెంబరు 30న పెకింగులోని క్రొత్త ప్రభుత్వాన్ని గుర్తించింది. దానితో ఆ పాత కాగితాలు ఇక్కడ చెల్లకుండా పోయాయి. చైనా తానే 1955 నుండి, ఉన్న దేశపు పౌరసత్వమో, మాదో, ఒకటి ఎన్నుకొండి అని తూర్పు దేశాల చైనావారికి చెప్పసాగింది. 1980 చట్టములో రెండు పౌరసత్వాలు కూడవని వ్రాసింది. కాగితాలు చెల్లనివారు మాత్రము దశాబ్దాలు పోలీసు కచేరీలో రుసుము కట్టి, నివాస పత్రము తిరిగి తిరిగి వ్రాయించుకొన్నారు.

ఇది విన్నప్పుడు మాకు రంగము జ్ఞాపకము వచ్చింది. శ్రీకాకుళము, విశాఖ, గోదావరి జిల్లాల నుండి మన పెద్దలు వేలకొలది ఓడలెక్కి రంగూను పోయి, రేవులలోను బియ్యపు మిల్లులలోను పని చేసిన కథ ఆ ప్రాంతపు ప్రతి సంఘములోను ఎవరో ఒకరికి తెలుసు. కోరంగి రేవు పేరు మీద బర్మావారు వారిని కోరంగీలన్నారు. 1942లో జపాను సైన్యము వచ్చినప్పుడు కొండలు అడవులు దాటి నడిచి వచ్చారు, దారిలో అనేకులు పడిపోయారు. మిగిలినవారిని 1964లో దుకాణాలన్నీ జాతీయము చేసి బర్మా ప్రభుత్వము పంపివేసింది. అప్పుడు వచ్చిన కుటుంబాలకు విశాఖపట్నములో ఇండ్ల స్థలాలిచ్చారు. అంటే మనవారు అక్కడ పరాయివారై ఓడ దిగుతున్న ఆ సంవత్సరాలలోనే దేవ్లీలో ముళ్ళకంచె వెనుక చైనా పేరుగల కలకత్తావారు, అస్సాముు వారు కూర్చున్నారు. రెండు రేవులలో ఒకే కన్నీరు. మన తట్టువారి కథ చెప్పేటప్పుడు మనకు కోపము వస్తుంది, ఈ తట్టువారి కథ మాత్రము మన పాఠ్యపుస్తకాలలో లేదు.

అమెరికా రెండవ ప్రపంచ యుద్ధములో జపాను సంతతివారిని ఇలాగే శిబిరాలలో ఉంచి, 1988లో చట్టము చేసి క్షమాపణ చెప్పి, బ్రతికి ఉన్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇచ్చింది. కెనడా కూడా అదే సంవత్సరము అటువంటి పనే చేసింది. దేవ్లీవారు కొందరు 2017లో కెనడా రాజధాని ఒట్టావాలో మన హైకమిషను ఎదుట నిలబడి క్షమాపణ అడిగారు. వారు డబ్బు అడగలేదు. ఇంతవరకు ఆ మాట రాలేదు. దేశభక్తి ఉన్నవాడు ఈ మాట చెప్పకూడదని కొందరనవచ్చు. మాకు మాత్రము దేశము మీద ప్రేమ ఉన్నవాడే చెప్పాలి అనిపిస్తుంది.

టాంగ్రా ఖాళీ కావడానికి 1962 ఒక్కటే కారణము కాదు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు టాంగ్రా, తిల్జలా, తొప్సియా, పాగ్లాడాంగా ప్రాంతాల సుమారు 550 తోలు కార్ఖానాలను బాన్‌తలాకు తరలించమన్నది. మురుగు నీరు పట్టణమును పాడు చేస్తున్నదన్నది నిజమే. ఆ తీర్పు తప్పని మేము అనము. అయితే మూడు తరాల పని ఒక్క కాగితముతో కదిలింది. కొందరు బాన్‌తలా వెళ్ళారు, కొందరు పొయ్యి పెట్టి హోటలు తెరిచారు, అనేకులు తాళము వేసి పిల్లల వెంట టొరంటో వెళ్ళారు. ఒకప్పుడు ఇరవై వేలని చెప్పిన కలకత్తా చైనావారు ఇప్పుడు రెండు మూడు వేలు ఉంటారని అంచనా. పేమే అనే చైనా పాఠశాలలో తరగతులు లేవు. 1969లో మొదలైన ‘సేయాంగ్ పావ్’ అనే చైనా భాషా దినపత్రిక 2020 మార్చిలో కరోనా లాక్‌డౌనుతో ఆగింది. జూలైలో దాని సంపాదకుడు కువో సాయి చాంగ్ చనిపోయారు. మళ్ళీ తెరవలేదు. వార్తలు వ్రాయగలవారు, చదవగలవారు ఇద్దరూ తగ్గిపోయిన పత్రిక అది. చిన్న పత్రికలకు వ్రాసే మాకు ఆ సంగతి గట్టిగా తగిలింది.

ఆ 2020లోనే మరొక సారి పాత సంచి జ్ఞాపకము వచ్చే రోజులు వచ్చాయి. కరోనా చైనాలో పుట్టిందని తెలిసినప్పుడు కలకత్తా వీధులలో ఈ ముఖాలను చూసి వైరస్ అని అరిచినవారున్నారు. ఒక యువకుడు, అతని స్నేహితులు ‘నేను కరోనా వైరస్‌ను కాదు, కలకత్తాలో పుట్టాను, చైనా ఎన్నడూ వెళ్ళలేదు’ అనే అర్థము వచ్చే మాటలు చొక్కాల మీద అచ్చు వేయించుకొని తిరిగారు. జూన్ 15న గల్వాన్ లోయలో మన సైనికులు 20 మంది చనిపోయారు. ఆ నెలాఖరున చైనా యాప్‌లు 59 నిషేధించారు. టాంగ్రా చైనావారు మన సైన్యానికి మద్దతుగా బోర్డులు పట్టుకొని ఊరేగారు. మనలో ఎవరినీ అటువంటి బోర్డు పట్టుకొమ్మని ఎవరూ అడగలేదు. మన ముఖము చూసి ఎవరికీ అనుమానము రాదు గనుక.

ఒకప్పుడు ప్రపంచమంతా ఒక్క బజారు అవుతోందని పత్రికలన్నీ వ్రాశాయి. ఇప్పుడు ప్రతి దేశము తన తలుపు కొంచెము దగ్గరకు వేసుకొంటోంది. సరుకులకు పన్నులు, చదువులకు వీసా చిక్కులు, కార్ఖానాలను వెనక్కు రప్పించుకోవడము. రెండు ఇండ్ల మధ్య తలుపు మూసితే గడపలో నిలబడినవాని వ్రేళ్ళే నలుగుతాయి. 2020 ఆరంభములో ఆగిన భారత చైనా విమానాలు ఐదేండ్లకు పైగా నడవలేదు. 2025 అక్టోబరు 26న మొదటిది మళ్ళీ ఎగిరింది. అది కలకత్తా నుండి గ్వాంగ్‌జౌకు. కాంటన్ అని పాత పుస్తకాలలో వ్రాసే పట్టణము అదే. తాతలు నెలల తరబడి ఓడలో వచ్చిన దారి ఇప్పుడు ఒక్క రాత్రి ప్రయాణము.

“మీరు ఒకసారి వెళ్ళి చూసి రాకూడదా అమ్మగారూ, నాన్నగారి ఊరు?” అని మేము అడిగాము.

ఆమె నవ్వారు. “అక్కడ ఎవరున్నారు బాబూ? మా నాన్న పేరు చెప్తే గుర్తుపట్టేవారు లేరు. నా చైనా మాట వింటే వారికి నవ్వు వస్తుందట, తాతల కాలపు మాట అని. నా కొడుకు టొరంటోలో ఉన్నాడు. అక్కడా నేను రెండు సార్లు వెళ్ళాను. అక్కడి చైనావారు మమ్మల్ని ఇండియావారంటారు. ఇండియావారు చైనావారంటారు. హోటలుకు వచ్చిన వారితో నా కొడుకు హిందీలో మాటలాడితే వారు కుర్చీలో నుండి లేచి చూస్తారు.”

టొరంటోలో ఇటువంటి హోటళ్ళు చాలా ఉన్నాయి. బోర్డు మీద ‘హక్కా’ అని ఉంటుంది, లోపల చిల్లీ చికెను, మంచూరియా. అక్కడ ఉద్యోగాలు చేసే మన తెలుగు పిల్లలు కూడా శనివారము రాత్రి అక్కడికే పోతారని మా సంఘములోని ఒక కుటుంబమువారు మాకు చెప్పారు. వారి అబ్బాయి ఇంటి మీద బెంగపడినప్పుడు తినేది అదేనట. గుంటూరు అబ్బాయికి కెనడాలో ఇంటి రుచి టాంగ్రా వంట!

ఆమె వడ్డించిన చేపలో అల్లము సన్నగా తరిగి వేశారు, పైన పచ్చిమిర్చి. అన్నము మన అన్నమే. గోడ మీద తండ్రి ఫోటో, క్రింద ఒక బెంగాలీ క్యాలెండరు, దాని ప్రక్కన చైనా నూతన సంవత్సరానికి అతికించవలసిన ఎర్ర కాగితాలు చుట్టి పెట్టి ఉన్నాయి. ఇల్లు కొనడానికి దళారులు వారానికి ఇద్దరు వస్తున్నారని, ఆ స్థలములో అపార్టుమెంట్లు లేపుతారని చెప్పారు. కొడుకు ఈ సారి వెళ్ళిరావడానికి కాదు, అక్కడే ఉండిపోవడానికి కాగితాలు పెట్టాడు. టికెట్టు ఏప్రిల్ నెలలో.

“వెళ్తారా?” అన్నాము.

“మా నాన్న సమాధి ఇక్కడ ఉన్నది. ఏప్రిల్‌లో మేము సమాధులు కడిగే పండుగ వస్తుంది. అది అయిన తరువాత టికెట్టు తీయమన్నాను,” అని, మా సంఘపెద్ద ఆకు ఖాళీగా ఉన్నదని చూసి, లోపలికి వెళ్ళి పచ్చ సాసు సీసా తెచ్చారు.